పాత తెప్ప – కొత్త కట్టు

కాణిపాకంలో పుట్టి పెరిగిన నావంటివారికి తెప్ప అనగానే సముద్రం మనసులో మెదలదు, కోనేరు మెదులుతుంది. వినాయకచవితినాడు ఆరంభమై ఇరవైయొక్క దినాలపాటు జరిగే వరసిద్ధి వినాయకస్వామివారి ఉత్సవాలు తెప్పోత్సవంతో ముగుస్తవి. పూలమాలలతో, దీపాల వరుసలతో తీర్చిన తెప్పమీద స్వామి కోనేటిలో మెల్లగా విహరిస్తూ ఉంటే, గట్టుమీద తండ్రి భుజాలపై కూర్చుండి చూచిన బాల్యం నాది. మా ఊరి ప్రక్కన ఉన్న బాహుదానది ఏడాదిలో అధికభాగం ఇసుకపరుపుగానే ఉంటుంది. కనుక మనిషి చేసిన వస్తువు నీటిమీద తేలడం మాకు ఏడాదికొక పండుగ. ఆ తెప్పను ఎవరు కట్టినారు, ఏ తాటితో కట్టినారు అన్న ప్రశ్న ఆనాడు మాకెవరికీ తోచలేదు. దీపాలను చూచినాము గాని ముడులను చూడలేదు.

ముడులను చూచే అవకాశం నాకు నలభైయేండ్లు దాటిన తరువాత కలిగినది. 2022వ సంవత్సరం ఏప్రిల్ 4వ తేదీన రాష్ట్రంలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట, తడ, వాకాడు మొదలైన ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరినవి. కొండలకూ కోవెలలకూ పేరుపొందిన మన సీమకు ఆ విధంగా ఒక సముద్రతీరం సమకూడినది. ఆ తీరాన దుగరాజపట్నం ఉన్నది. పదిహేడవ శతాబ్దంలో ఆంగ్ల వర్తకులు ఆర్మగాన్ అని పిలిచి కొంతకాలం స్థావరం ఏర్పరచుకొన్న చోటు అదే. అక్కడ అధికారిగా ఉండిన ఫ్రాన్సిస్ డే అనే వర్తకుడే 1639లో దక్షిణానికి పోయి చెన్నపట్నం స్థలాన్ని సంపాదించినాడు. ఆ ప్రాంతపు పల్లెపాలెం ఒకదానిలో ఒక పాత తెప్పను విప్పి, బాగుచేసి, మళ్ళీ కట్టడం నేను మొదటినుంచి చివరిదాకా చూచినాను. ఆ పనిని గురించి, అందులో నేను గ్రహించిన ఒక సంగతిని గురించి ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

ముందుగా తెప్ప అంటే ఏమో చెప్పవలసి ఉన్నది. పడవకు కడుపు ఉంటుంది; తెప్పకు ఉండదు. పడవ లోపల ఉన్న గాలివల్ల తేలుతుంది. తెప్ప తన కలప తేలికవల్లనే తేలుతుంది. పడవకు చిల్లి పడితే నీరు నిండి మునుగుతుంది. తెప్పకు చిల్లి అన్న భయమే లేదు. కెరటం మీదికి వచ్చిన నీరు దుంగల సందులగుండా క్రిందికి జారిపోతుంది. మన తూర్పుతీరంలో చాలాచోట్ల సహజమైన ఓడరేవులు లేవు. కెరటాలు నేరుగా వచ్చి ఇసుకమీద విరుచుకొని పడతవి. అటువంటి ఒడ్డునుంచి ప్రతిదినమూ సముద్రంలోకి పోయి రావలసిన మనిషికి, నీరు ఎక్కినా మునగనిదీ, ఇసుకమీదికి లాగినా పగలనిదీ అయిన సాధనం కావలెను. ఆ అవసరంలోనుంచి పుట్టినదే తెప్ప. చెన్నపట్నానికి ఓడరేవు నిర్మించక పూర్వం, పడవలు సాహసించని తుపాను దినాలలో సైతం, దూరాన లంగరు వేసిన ఓడలకు ఉత్తరాలను తడవని టోపీలలో దాచి మోసుకొనిపోయినవారు ఈ తెప్పలవారే.

అరవంలో దీనిని కట్టుమరం అంటారు. కట్టు అంటే మనకూ కట్టే. మరం అంటే మ్రాను. కట్టిన మ్రాను అని అర్థం. ఈ మాట సముద్రాలు దాటిపోయినది. విలియం డాంపియర్ అనే ఆంగ్ల నావికుడు 1697లో ప్రచురించిన తన యాత్రాగ్రంథంలో ఈ పేరును వ్రాసినాడు. తరువాత దాని కథ ఒక వింతమలుపు తిరిగినది. 1876లో నథానియల్ హెరెషాఫ్ అనే అమెరికా నిర్మాత రెండు సన్నని పడవలను పక్కపక్కన జతచేసి, మీద తెరచాప ఎత్తి న్యూయార్కు పందెంలో మొదట నిలిచినాడు. ఓడినవారు అది పడవే కాదని అభ్యంతరం చెప్పినారు. అట్టి జంటపడవలకే ఆంగ్లంలో కాటమరాన్ అన్న పేరు స్థిరపడినది. నిజానికి జంటపడవ పసిఫిక్ ద్వీపవాసుల విద్య. పేరు మాత్రం మన తీరానిది. 1968లో కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్ అనే ఆయన పద్నాలుగు అడుగుల తేలికైన జంటపడవను ఫైబరుతో తయారుచేసి అమ్మకానికి పెట్టినాడు. ఇసుకమీదినుంచి ఇద్దరు నెట్టి నీటిలోకి దింపగల ఆ పడవ లోకమంతటా విహారనౌకగా వ్యాపించినది. నేడు సముద్రపుటొడ్డున కాటమరాన్ అంటే విదేశీయులు దానినే తలచుకొంటారు.

ఇక పల్లెపాలానికి వస్తాము. ఆ పాలెం పట్టపువారిది. వారి మాటలో అరవమూ తెలుగూ కలిసి పారుతవి. ఒడ్డున ఉన్నవి దాదాపు అన్నీ మోటారు బిగించిన ఫైబరు పడవలే. 2004 డిసెంబరు 26నాటి సునామీ తరువాత సహాయంగా వచ్చిన పడవలతో ఈ మార్పు మరింత వేగం పుంజుకొన్నది. కొయ్య తెప్ప కనబడడం అరుదు. అయితే తూర్పుతీరంలో ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరపడవల వేటను ప్రభుత్వం నిషేధిస్తుంది. మోటారు లేని సంప్రదాయపు తెప్పలకు ఆ నిషేధం లేదు. ఆ అరవై యొక్క దినాలూ ఇంట్లో పొయ్యి వెలగవలెనన్న ఆలోచనతో, మోటారు పడవలో కూలికి పోయే ఇరవైరెండేండ్ల యువకుడొకడు మార్చినెలలో పొరుగు పాలెంనుంచి ఒక పాత తెప్పను కొని తెచ్చినాడు. దానిని చూడడానికి వాని మేనమామ వచ్చినాడు. ఆయనకు డెబ్బై దాటిన వయసు. తెప్పమీద జీవితం గడిపినవాడు.

“నాలుగు దినాల్లో నీళ్ళలో దించేస్తా మామా” అన్నాడు కుర్రవాడు.

పెద్దాయన తెప్పచుట్టూ ఒకసారి తిరిగి, “మాను కొన్నావు, బాగుంది. కట్టు కూడా కొన్నావా?” అని అడిగినాడు.

“దాంతోపాటే వచ్చింది గదా, కనబడటంలా?”

“కట్టు కొంటే రాదురా. ఎవడి కట్టు వాడు కట్టుకోవాల్సిందే. ఇప్పు.”

మొదటి పని విప్పడం. పాతతాళ్ళన్నీ తీసివేసినారు. విప్పేముందు ప్రతి దుంగ కొసనూ కత్తితో గాటు పెట్టినారు; ఎడమవైపు దానికి ఒకటి, తరువాతి దానికి రెండు, ఈ ప్రకారంగా. దుంగలు ఒకదాని ఒంపుకు ఒకటి సరిపోయేటట్లు చెక్కినవి గనుక స్థానం తప్పితే మళ్ళీ పొందవు. పిదప మంచినీటితో ఉప్పు కడిగి, ఇసుక తగలకుండా అడ్డుకొయ్యలమీద ఎత్తి ఆరబెట్టినారు. రెండు వారాలు కదపరాదని పెద్దాయన ఆజ్ఞ.

ఈ ఆరబెట్టడంలోనే తెప్ప బలమంతా ఉన్నది. తెప్పకు బూరుగు, పొణికి, మలబారు వేప వంటి తేలిక కలపనే వాడతారు. తేలిక కలప నీటిని త్వరగా పీలుస్తుంది. ఒక లెక్క చెప్పుకొందాము. ఒక ఘనమీటరు ఎండుకలప 300 కిలోలు తూగుతుందని అనుకోండి. అంతే పరిమాణం గల సముద్రజలం సుమారు 1,025 కిలోలు ఉంటుంది. కాబట్టి ఆ కలప పూర్తిగా మునిగేలోగా 725 కిలోల బరువును మోయగలదు. అదే కలప నీరు పీల్చి 600 కిలోలైతే మోయగలిగేది 425 కిలోలే. మనిషి అదే, వల అదే. తెప్ప మాత్రం జానెడు క్రిందికి దిగుతుంది. అందుకే పూర్వం వేటనుంచి రాగానే తెప్పను విప్పి దుంగలను ఆరవేసేవారు. విశాఖ, శ్రీకాకుళం తీరాలలో దుంగలను కొయ్యమేకులతో రెండు భాగాలుగా బిగించి, ఆ రెండింటినీ కలిపి కట్టే పద్ధతి ఉన్నది. అక్కడకూడా వేట ముగియగానే రెండు భాగాలనూ విడదీసి ఆరవేస్తారు. ఆరవేయడంవల్ల మరొక మేలు కలదు. ఉప్పునీటిలో కలపను తొలిచే పురుగు పొడిలో బ్రతకదు. ఎప్పుడూ కాలువలో నానే కొయ్యను ఆ పురుగు జల్లెడ చేస్తుంది. దినదినమూ ఒడ్డెక్కే తెప్పకు దానివలన అంత భయం లేదు.

రెండు వారాల తరువాత పరీక్ష. పెద్దాయన బాడిస వెనుకభాగంతో ప్రతి దుంగనూ మూరమూరకు తట్టి విన్నాడు. ఆరోగ్యమైన మాను ఖంగుమన్నది. కుడివైపు చివరి దుంగ నడుమ మాత్రం తడిసంచిని కొట్టినట్లు మొద్దుశబ్దం వచ్చినది. సన్నని ఇనుపతీగెను దించి చూస్తే చేతి వ్రేలంత లోతుకు మెత్తగా దిగినది. పైకి చూస్తే ఏ దోషమూ లేదు. ఆ దుంగను తీసివేయవలెనన్నాడు. విదేశాలలో పాత ఫైబరు జంటపడవను కొనేవారు చేసే మొదటి పరీక్షకూడా ఇదేనని తరువాత తెలిసినది. నాణెంతో పడవ ఒంటిని తట్టుతూ పోతారు. లోపలి పొర నీరు పీల్చి మెత్తబడిన చోట శబ్దం మారుతుంది. సముద్రం వేరైనా, వస్తువు వేరైనా, చెవి చెప్పే సాక్ష్యం ఒకటే.

కొత్త దుంగ తేవడంతో పని కాలేదు. ఒకవైపు ఎండుమాను, మరొకవైపు పాతమాను ఉంటే తెప్ప ఒరుగుతుంది. కనుక నలుగురు మనుషులు ఎడమ దుంగను ఎత్తిచూచి, ఆ బరువుకు సరిపోయేదాకా కొత్తదానిని బాడిసతో చెక్కినారు. త్రాసు లేదు, భుజాలే త్రాసు. దుంగల అడుగున తాడు పోయే గాళ్ళను కూడా లోతుచేసినారు. తాడు మందంకంటె గాడి లోతు ఎక్కువగా ఉండవలెను. లేకపోతే తెప్పను ఇసుకమీద లాగినప్పుడెల్లా తాడే నేలను రాచుకొని, ఎవరికీ కనబడనిచోట అరుగుతూ పోతుంది.

ఇక తాడు. యువకుడు పాతతాళ్ళను కుప్పవేసి, వీటిలో సగం బాగానే ఉన్నవని అన్నాడు. పెద్దాయన అందులో అన్నిటికంటె నిగనిగలాడే తాడును తీసుకొని, పురి విప్పి, లోపలి పోగులను అరచేతిలో నలిపినాడు. అవి బూడిదవలె రాలినవి. పైపురి గట్టిది, లోపలిపురి చచ్చినది. కుర్రవాడు మాట్లాడలేదు. ఆ తరువాత వాడు బజారునుంచి నీలిరంగు ప్లాస్టిక్ తాడు తెచ్చినాడు. దానికీ పెద్దాయన ఒప్పుకోలేదు. అది బలమైనదే గాని నునుపు. ముడి నిలువదు, జారుతుంది. ఎండకు నాని నాని పెళుసెక్కుతుంది. నైలాను తాడైతే తడిసినప్పుడు సాగుతుంది. కొబ్బరిపీచు తాడు బలంలో వాటికి తక్కువే అయినా, ఉప్పునీటికి ఓర్చుకొంటుంది. గరుకుగా ఉండి మానును పట్టుకొంటుంది. పాడైతే పాడైనట్లు పురి విప్పి చూపుతుంది. తన లోపాన్ని దాచని తాడే మంచి తాడు అని ఆయన మాటల సారాంశం.

జంటపడవలవారి అనుభవంకూడా ఈ మాటకే సాక్ష్యం. వారి తెరచాప కొయ్యను మూడు ఉక్కుతీగెలు నిలబెడతవి. రెండు పక్కలకు, ఒకటి ముందుకు. ఆ తీగె నడుమ తెగడం తక్కువ. దాని కొస లోహపు గొట్టంలో బిగిసిన చోట, కనబడకుండా, ఒక్కొక్క పోగే తెగుతుంది. గుడ్డముక్కను తీగెవెంట లాగి, ఎక్కడైనా పోగు గుచ్చుకొంటున్నదా అని చూస్తారు. ఒక్క పోగు తెగినా తీగెనంతా మారుస్తారు. ఆ కొయ్యను అల్యూమినియంతో చేస్తారు గనుక, ఒడ్డున నిలబెట్టేటప్పుడు తలపైన విద్యుత్తు తీగెలు ఉన్నవేమో చూడడం వారికి మరొక కఠిన నియమం. అది తప్పి ప్రాణాలు పోయిన తరువాతనే, కొన్ని పడవల కొయ్యకొసలను విద్యుత్తు పారని పదార్థంతో చేయడం మొదలైనది. మన తీరంలో లోహపు కొయ్యలు వాడేవారికికూడా ఆ జాగ్రత్త వర్తిస్తుంది.

పని ఇన్ని దినాలు సాగేసరికి ఏప్రిల్ 15వ తేదీ వచ్చినది. మోటారు పడవలు ఒడ్డెక్కినవి, కూలి ఆగిపోయినది. యువకునికి ఓపిక నశించినది. “ఈ పాటికి పదిసార్లు పోయొచ్చేవాణ్ణి మామా. తాడు తాడు అంటా కూర్చున్నావు. వాళ్ళంతా ఇట్లానే చేసి పోతాండారా?” అన్నాడు.

పెద్దాయన చేతిలో తాడును క్రింద పెట్టినాడు. కొంచెంసేపు సముద్రంవైపు చూచి, “మీ నాయన పోయిన తెప్పను కట్టింది ఎవరో తెలుసునా నీకు?” అన్నాడు. కుర్రవాడు తెలియదన్నాడు. “నేనే. వెనక కట్టు పాతది. ఈ ఒక్కసారికి ఉంటుందిలే అనుకున్నా. ఒడ్డు కనబడతానే ఉంది. అలలో తాడు తెగింది. దుంగలు ఇడిపోయినాయి, ఒక దుంగ తలకు తగిలింది. తెప్ప మునగలేదురా. దుంగలన్నీ ఒడ్డుకొచ్చినాయి. ఆయనే రాలా.”

గుడిసె వాకిట చేపలు ఎండబోస్తున్న ఆ యువకుని తల్లి ఈ మాట విన్నదో లేదో నాకు తెలియదు. ఆమె తల ఎత్తలేదు. కుర్రవాడు లేచి, పీచుతాడు చుట్టను తీసుకొనిపోయి నీటిలో నానవేసినాడు. ఆ తరువాత వాని నోట తొందర అన్నమాట నేను వినలేదు.

కట్టడం రెండు దినాల పని. నానిన తాడు మెత్తబడి మాను ఒంపుకు ఒదుగుతుంది. దుంగలను గాట్ల వరుసలో పేర్చి, ముందు ఒకచోట, వెనుక ఒకచోట, మీద అడ్డుకొయ్యను ఉంచి, తాటిని గాళ్ళలోనుంచి దూర్చి, ప్రతి దుంగనూ విడివిడిగా చుట్టి అడ్డుకొయ్యకు బిగిస్తారు. ఒక చుట్టు తెగినా తక్కిన చుట్లు నిలుస్తవి. చివర ఒక కర్రను దూర్చి మెలివేసి బిగువు తెస్తారు. ఎంత బిగువు? జంటపడవకు చట్రం ఎంత బిగిస్తే అంత మంచిది. తెప్పకు అట్లా కాదు. కెరటం తగిలినప్పుడు దుంగలు రవంత కదలి, మళ్ళీ తమ స్థానానికి రావలెను. బొత్తిగా కదలకపోతే దెబ్బంతా తాటిమీదనే పడుతుంది. మరీ కదిలితే తాడు రాపిడికి పోతుంది. బొటనవ్రేలితో కట్టును నొక్కి పెద్దాయన ఆ హద్దును చెప్పినాడు. ముందు కట్టును ఆయన కట్టినాడు. వెనుక కట్టును మాత్రం కుర్రవానిచేతనే కట్టించి, మూడుసార్లు విప్పించి, నాలుగవసారి తల ఊపినాడు.

తెరచాపకు పూర్వం నూలుగుడ్డను తుమ్మచెక్క కషాయంలో ముంచి వాడేవారట. ఇప్పుడు ఎరువుల సంచులను విప్పి కుట్టినదే తెరచాప. దానికి అతుకులు వేసినారు. కొయ్య మొదలు ఆనే చోటును, గాలికి తెప్ప పక్కకు కొట్టుకొనిపోకుండా నీటిలోకి దించే పలకను, తెడ్లను చూచుకొన్నారు. ఇవన్నీ ఒక పూటలో ముగిసినవి.

మొదటిదినం వల లేకుండా ఇద్దరూ మోకాలిలోతు నీటిలోనే తేల్చిచూచినారు. ఏవైపు ఎంత దిగుతున్నదో గుర్తు పెట్టినారు. రెండవదినం అలలు దాటిపోయి, తెరచాప ఎత్తి, గంటలో తిరిగివచ్చినారు. ఒడ్డుకు రాగానే యువకుడు చేసిన పని నన్ను ఆకర్షించినది. ఎవరూ చెప్పకుండానే వంగి, వెనుక కట్టును బొటనవ్రేలితో నొక్కి చూచుకొన్నాడు. తరువాత విప్పడం మొదలుపెట్టినాడు. అంత శ్రమపడి కట్టినదానిని అప్పుడే విప్పడం చూచి నాకు మనసు చివుక్కుమన్నది. పెద్దాయన మాత్రం మొదటిసారిగా నవ్వినాడు.

శ్రోతలారా, నేను గ్రహించిన సంగతి అదే. ఒకసారి బిగించి ఇక చూడనక్కరలేదనుకొనే వస్తువును మనం గట్టి వస్తువు అంటాము. తెప్పవాని విద్య అందుకు భిన్నమైనది. విప్పగలిగినదే గట్టిది, ఎందుకంటే విప్పినప్పుడు గదా లోపలిపురి సంగతి తెలిసేది. కలప కొనవచ్చును, తాడు కొనవచ్చును. కట్టు మాత్రం ఒకరి చేతినుంచి మరొకరి చేతికి రావలెను. కొయ్య తెప్పలు అరుదై, వాటిని కట్టే చేతులు ముసలివై పోతున్న ఈ కాలంలో, ఆ పాలెంలో ఒక జత యువహస్తాలకు ఆ విద్య అందినది. ఫైబరు పడవమీద పోయినా, జంటపడవమీద పోయినా, బయలుదేరేముందు ముడిని తడిమి చూచే అలవాటు ఆ చేతులను విడిచిపోదు.

ఆ సంవత్సరం కాణిపాకం తెప్పోత్సవానికి ఎప్పటివలెనే వెళ్ళినాను. దీపాలు వెలుగుతున్నవి, మేళం మ్రోగుతున్నది. నా కన్నులు మాత్రం స్వామిని సేవించుకొని, మెల్లగా క్రిందికి దిగి, నీటి అంచున తెప్పకు వేసిన కట్టు దగ్గర ఆగినవి. దానిని కట్టినవారెవరో నేనెరుగను. ఆ చీకటిలో, జనం వెనుక ఎక్కడనో నిలబడి, వారుకూడా దానినే చూస్తూ ఉంటారు.